గోడ దాటే కోళ్లు

నా భార్య పోయాక ఇంట్లో ఐదు కోడిపెట్టలు మిగిలాయి. ఆమె ఉన్నప్పుడు వాటిని కట్టేసిందీ లేదు, మూసిందీ లేదు. పగలంతా వాకిట్లో తిరిగి, పొద్దుగూకితే వాటంతటవే గూట్లోకి పోయేవి. నేను పట్టించుకున్నది తక్కువ. పొద్దున్నే బచ్చన్నపేటలో బస్సెక్కి జనగామలో ఆఫీసుకు పోయేవాణ్ని.

దినాలు అయిన వారానికి కోళ్లు గోడ దూకడం మొదలుపెట్టాయి. గోడ అవతల ఒకామె ఉంటుంది. వరస ఏమీ లేకున్నా నేను అక్కా అంటాను. కొత్తిమీర, మెంతికూర పండించి అంగడిలో అమ్ముకుంటుంది. ఆమెకు వేరే ఆధారం లేదు.

"తమ్మీ, గీ కొత్తిమీర నేను అమ్ముకోవాల్నా, మీ కోళ్లకు వడ్డించాల్నా?" అని గోడ మీదుగా అడిగింది.

"రేపటి సంది రాకుంట చూస్తక్కా."

"రేపు రేపని పది దినాలాయె. ఆయితారం కోళ్లాయన వస్తడు. ఆపుతవా ఆపు, లేకుంటే ఆయనకిచ్చెయ్."

ఆమె అన్నది న్యాయమే. అయినా అమ్మాలని లేదు. వాటి మీద నాకు ప్రేమ ఉందని చెప్పలేను. అమ్మకూడదని మాత్రం తెలుసు.

గోడ మీద తుమ్మకంప పరిచాను. కంప లేని మూల వెతుక్కుని దాటాయి. ఒకరోజు గంపల కింద మూసి ఆఫీసుకు పోయాను. సాయంత్రం గంపలు తీస్తే చాలాసేపు కదల్లేదు. మళ్లీ ఆ పని చేయలేదు. శుక్రవారం కత్తెర తీసుకుని ఒక్కొక్కదాన్ని ఒళ్లో పెట్టుకుని రెక్కల ఈకలు కత్తిరించాను. రెండు వైపులా ఒకే కొలతగా వచ్చేటట్టు జాగ్రత్తపడ్డాను. మర్నాడు నీళ్ల తొట్టి అంచెక్కి, అక్కడి నుంచి గోడెక్కి, మామూలుగానే పోయాయి.

అక్క ఒకదాన్ని పట్టి రెక్క విప్పి చూసింది.

"రెండు దిక్కులు కోసినవా? ఇన్ని బుక్కులు సదివినవు, గిది యాడ రాయలేదా? ఒక్క దిక్కే కొయ్యాలె. అప్పుడు ఒరిగి కింద పడ్తది. నువ్వు సమానం జేసినవ్, అది సమానంగ ఎగిరింది."

"ఒక్క దిక్కే కోస్తె చూడ మంచిగుంటదా అనుకున్న."

"కోడికి అద్దముంటదా తమ్మీ?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆమె కూడా నవ్వు ఆపేసింది. తొట్టిని గోడ దగ్గర్నుంచి జరపమంటుందేమో అనుకున్నాను. కానీ రమ్మని తన ఇంటి వెనక్కి తీసుకుపోయింది. అక్కడ ఆమె నీళ్లు కాగబెట్టే కట్టెల పొయ్యి ఉంది. దాని పక్కన బూడిదలో నా కోళ్లు నాలుగు పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాయి. కాళ్లతో బూడిద తన్నుకుంటూ ఈకల్లోకి చల్లుకుంటున్నాయి.

"ముందుగాల గీడికే వస్తున్నయి. పోయేటప్పుడు నా మడి తింటున్నయి. పేన్లు పడ్డయి వాటికి. బూడిదల పొర్లకుంటే పోవు. మీ ఇంట్ల బూడిద లేదా?"

లేదు. పదకొండో రోజు మా వదిన వాకిలంతా శుద్ధి చేయించింది. నా భార్య స్నానాలకు నీళ్లు కాచే మట్టిపొయ్యి పగలగొట్టించింది. మూలనున్న బూడిద, పెంట, చెత్త తట్టలకెత్తి ఊరవతల పోయించింది. అంటు పోవాలంది. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. వద్దనాలని అనిపించలేదు. ఉంచమనడానికి అందులో ఏముందని కూడా అనుకున్నట్టు గుర్తు.

ఆ సాయంత్రమే మూడు ఇటుకలు పెట్టి కట్టెలు ముట్టించాను. నాకు వేడినీళ్ల అవసరం లేదు. గిన్నెలో నీళ్లు కాగాయి, చల్లారాయి. అక్క ఒక తట్టెడు పాత బూడిద గోడ మీద పెట్టి పోయింది. దాన్ని, నా పొయ్యిలో చల్లారినదాన్ని కలిపి మూలకు పోశాను.

ఆదివారం పొద్దున నాలుగు కోళ్లు ఆ మూలకు చేరాయి. నల్లపెట్ట ఒక్కటి గోడెక్కి కాసేపు నిలబడి, అవతలికి దిగింది. దాన్ని పట్టుకురావడానికి లేచాను గాని పోలేదు.

కోళ్లాయన బండికి బుట్టలు కట్టుకుని వచ్చాడు. "అమ్ముతరా సారూ?" అన్నాడు.

"అమ్మను."

"గా నల్లది మీదే గదా? మంది ఇండ్లల్ల పడి తిరుగుతున్నది. దాన్నన్న ఇయ్యరాదు."

నేను చెప్పేలోపే గోడ అవతల నుంచి అక్క గొంతు వినిపించింది. "అది నాది. నువ్వు నడువు."

అతను పోయాడు. నేను గోడ దగ్గరికి వెళ్లలేదు, ఆమె కూడా రాలేదు. సోమవారం బస్సుకు ముందు మళ్లీ పొయ్యి ముట్టించాను. నా చొక్కా పొగ వాసన వస్తోందని ఆఫీసులో ఎవరో అన్నారు. అవునన్నాను.