గీసి పంపిన అక్షరాలు

నా చిన్నప్పుడు, నాకు పదేళ్ళుండగా, మా నాన్న వెళ్ళిన పడవ తుఫానులో చిక్కుకుని తిరిగి రాలేదు. మాది ఉద్దానం తీరంలో చేపలు పట్టుకుని బతికే చిన్న పల్లె. నాన్నతో పాటు వెళ్ళిన ముగ్గురి ఇళ్ళలో వారం తిరిగేసరికి ఆశ వదులుకుని కర్మలు మొదలుపెట్టారు. మా అమ్మ మాత్రం గాజులు తియ్యనివ్వలేదు. "సచ్చిపోనాడని ఎవుడు సూసినాడు? సూసినోడిని తెండి, అప్పుడు తీత్తాను" అని మా నాయనమ్మ మీద అరిచింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమెతో మాట్లాడేవాళ్ళు లేకపోయారు.

అమ్మ పలాస బజారులో ఎండు చేపలు అమ్మేది. అక్కడి గ్రంథాలయానికి అన్ని ఊళ్ళ కబుర్లున్న పేపర్లు వస్తాయని ఎవరో చెప్పారట. మర్నాడే నన్ను బడి మాన్పించి, బుట్టతో సహా బస్సెక్కించింది. అమ్మకు చదువు రాదు. నేను పేపర్లు చదివి నాన్న కబురు వెతకాలి.

మేము లోపల అడుగు పెట్టగానే పేపరు చదువుకుంటున్న ఒక పెద్దమనిషి ముక్కు మూసుకున్నాడు. "ఇది సదువుకునే సోటమ్మా, సేపల సంత కాదు" అన్నాడు. అమ్మ వెనక్కి తిరిగింది. అప్పుడు లైబ్రరీ మాస్టారు కుర్చీలోంచి లేచి వచ్చి, అమ్మ నెత్తి మీది బుట్ట తనే దించి గుమ్మం లోపల పెట్టారు. ఆ గది ఎలా లేచిందో ఆ పెద్దమనిషికి వినపడేలా మాకు చెప్పారు. మొదట కొందరు కుర్రవాళ్ళు పుస్తకాలు మోసుకుంటూ ఇంటింటికీ తిరిగేవారట. కట్టడానికి ఇంటికో గుప్పెడు బియ్యం అడిగారట. జీడితోటల కూలీలు ఇటుకలు మోశారట. పుస్తకాలు పెట్టుకోవడానికి చెక్కలు లేకపోతే మా తీరంవాళ్ళు విరిగిన పడవల చెక్కలు బండి మీద పంపారట. "ఇక్కడ నాకెంత హక్కుందో ఈ తల్లికీ అంతే ఉంది బాబూ" అన్నారు.

అలా రోజూ వెళ్ళాం. నేను చదువుతుంటే అమ్మ నేల మీద కూర్చుని నా నోటి వంకే చూసేది. తుఫాను వార్తలు మొదటి పేజీ నుంచి లోపలికి జరిగాయి. కొన్నాళ్ళకు ఎక్కడా లేకుండా పోయాయి. ఆ రోజు అమ్మ అందరి ముందూ నా వీపు మీద కొట్టింది. "సరిగ్గా సూడు! ఎక్కడో ఉంటాది, నువ్వే సదవకుండా ఒగ్గెత్తన్నావు!" అని ఏడ్చింది. నేను చూసిన పేజీలే మళ్ళీ చూశాను.

మాస్టారు ఆ పూటే పోస్టు కార్డుల కట్ట తీశారు. ఆయనది ఇచ్ఛాపురం వైపు, ఒడియా రాయగలరు. నాన్న వయసు, పొడుగు, పడవ రంగు అడిగి రాసుకున్నారు. కుడిచేతి మీద పచ్చబొట్టుందని చెప్పేటప్పుడు అమ్మ తల దించుకుంది. ఆ పచ్చబొట్టు ఆమె పేరే. తుఫాను అటే వెళ్ళింది కనుక, బరంపురం నుంచి పూరీ దాకా తీరం వెంట ఎక్కడ గ్రంథాలయం ఉందని తెలిస్తే అక్కడికల్లా, గుమ్మంలో అతికించమని, ఒక్కో కార్డు రాశారు.

ఇరవై రోజులకు పూరీ వైపు ఒక తీరపల్లె గ్రంథాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మాస్టారు దాని అర్థం అడుగున తెలుగులో రాసి ఉంచారు. తనే చదవబోతే అమ్మ ఒప్పుకోలేదు. "నువ్వు మంచోడివి బాబూ. మంచోలు సగమే సెప్తారు. నా కూతురు సదువుతాది."

చదివాను. గాలి తగ్గాక వాళ్ళ ఒడ్డుకు ఒక మనిషి కొట్టుకొచ్చాడు. ప్రాణం లేదు. ఆ ఊరివాళ్ళే కడిగి, కొత్త బట్ట కప్పి సమాధి చేశారు. చేతి మీద ఏదో రాసి ఉంది. అది వాళ్ళకు చదవడం రాదు. ఎప్పటికైనా ఎవరైనా అడుగుతారని ఉన్నది ఉన్నట్టు గీసి ఉంచారు. వాళ్ళ ఒడియా రాత పక్కనే వంకరటింకరగా మూడు తెలుగు అక్షరాలు. మా అమ్మ పేరు.

"ఏటో గీతలమ్మా, మన అచ్చరాలు కావు" అన్నాను.

అమ్మ ముఖం ఒక్కసారిగా వెలిగింది. "అయితే మీ నాన్న కాడు!" అని నన్ను పట్టుకుని ఊపేసింది. ఆ సంతోషం చూసి నాకు భయమేసింది. మాస్టారు కోప్పడలేదు. నా పక్కన గొంతుక్కూర్చుని మెల్లగా చెప్పారు. "ఆ ఊరోలకి మన అచ్చరం ఒక్కటీ రాదు తల్లీ. అయినా ఒక్క గీత తప్పకుండా గీసినారు, మీ అమ్మకి సేరాలని. అది నీ దగ్గిర ఆగిపోతే, బతికినన్నాళ్ళూ ఆవిడ సముద్రం కేసి సూత్తా కూకుంటాది."

మూడు అక్షరాలూ కూడబలుక్కుని చదివాను. ఎవరో పిలిచినట్టు అమ్మ "ఆఁ" అంది. తర్వాత నేల మీద కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుంది. మొదటి రోజు ముక్కు మూసుకున్న పెద్దమనిషే లేచి వెళ్ళి నీళ్ళు తెచ్చాడు.

ఆ పూటే ఇంటికెళ్ళి అమ్మ గాజులు తనే తీసేసింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్ళు ఆసుపత్రి కాగితాలు చదివి చెప్పమని నా దగ్గరకు వస్తారు. కొంచెం తగ్గించి చెప్పమని వాళ్ళ పిల్లలు సైగ చేస్తారు. కొన్ని మాటల దగ్గర నేనే ఆగిపోతాను. ఆ మనిషి చెయ్యి పట్టుకుని, ఆగిన చోటు నుంచే మళ్ళీ చదువుతాను.