సలోమికి నేను చెప్పని మాట

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడు నేను రామగిరి మండలంలోని ఒక పశువైద్య ఉపకేంద్రంలో సహాయకుడిగా ఉన్నాను. ఉపకేంద్రం అంటే పెద్ద దవాఖాన అనుకోకండి. ఒక గది, టీకాలు దాచే ఒక ఫ్రిజ్, బయట పశువును కదలకుండా నిలబెట్టడానికి ఇనుప పైపులతో కట్టిన ట్రెవిస్. డాక్టరు గారు వారానికోసారి వచ్చేవారు. మిగతా రోజుల్లో ఐదు ఊళ్ల పశువులకూ గొర్రెలకూ కోళ్లకూ నేనే దిక్కు. నేను డాక్టర్ని కాను. అయినా అందరూ 'డాక్టర్ సారు' అనేవాళ్లు. ఆ పిలుపును నేను ఏనాడూ సరిదిద్దలేదు.

నా గురించి ఇంకో మాట చెబితేగాని జరిగింది అర్థం కాదు. మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయినప్పుడు ఆయన ఉద్యోగం మా అన్నకు వచ్చింది. అన్నకు గోదావరిఖనిలో క్వార్టరు, కంపెనీ నల్లానీళ్లు, కంపెనీ దవాఖాన. నాకు పల్లెల్లో ఎండలో తిరిగే కొలువు. పండగకు అన్న ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆ గోడలను చూస్తూ అన్నం తినేవాణ్ని. అసూయ నాకు కొత్త కాదు. కానీ ఒక చదువు తక్కువ ఆడమనిషిని చూసి అసూయపడతానని మాత్రం అనుకోలేదు.

ఆమె పేరు సలోమి. మా ఐదు ఊళ్లలో ఒకటైన గుట్టకిందిపల్లె కోడలు. మామ బాయిలో బొగ్గు నింపి రిటైరైన మనిషి. భర్త ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచి తవ్వే గనిలో, మట్టి లారీ తోలేవాడు. ఆ ఊళ్లో సగం మంది మగవాళ్లది అదే పని. ఆ ఏడు కాంట్రాక్టు ముగిసి లారీలు వేరే జిల్లాకు తరలిపోయాయి. మగవాళ్లందరూ ఇళ్లలో కూర్చున్నారు. అప్పుడు చూస్తే ఊరి పరిస్థితి విచిత్రంగా ఉంది. చుట్టూ భూమి ఉంది, కూరగాయలు మాత్రం గోదావరిఖని నుంచి ఆటోలో వస్తున్నాయి. వాకిళ్లు ఉన్నాయి, గుడ్లు పెద్దపల్లి నుంచి అట్టల్లో వస్తున్నాయి. నెల జీతం వచ్చినంతకాలం అది ఎవరికీ తప్పుగా తోచలేదు.

మహిళా సంఘం మీటింగులో సలోమి లేచి, "మన ఊరు తినేది మన ఊళ్లెనే పుట్టాలె. లారీలు వచ్చినా రాకున్నా పొయ్యి మీదికి ఎదురుచూడొద్దు" అన్నదట. సాగు లేక పడావు పడ్డ చెలకల్లో పెసర, కంది వేశారు. ప్రతి వాకిట్లో కూరగాయల మడి తీశారు. ఇంటికి పది నాటుకోళ్లు పెట్టుకున్నారు. కోళ్లంటే రోగాలు. అందుకే ఆమె నా దగ్గరికి వచ్చింది.

"సార్, నాకు సూది వేసుడు నేర్పుండ్రి. దినాం మిమ్ముల తిప్పలు పెట్టుడెందుకు" అంది.

నేర్పాను. కోడిపిల్లలకు వారం రోజుల వయసులో కంట్లో వేసే లసోటా టీకా చుక్కలు, కడుపులో పురుగులకు నట్టల మందు, రెక్క కింద సూది గుచ్చే తీరు. చెయ్యి తేలిక. కోడి అరవకముందే పని అయిపోయేది. నాకు రెండేళ్లు పట్టిన ఒడుపు ఆమెకు రెండు వారాల్లో పట్టుబడింది. ఏ ఇంట్లో కోడి పొదుగుకు కూర్చుంది, ఏ ఇంట్లో రెట్ట పలచబడింది, అన్నీ నోటికే ఉండేవి.

ఆరు నెలలకు ఊరి నుంచి నాకు ఫోన్లు తగ్గాయి. ఒకరోజు ఆ ఊళ్లోని ఓదెలు కాక మేక పిల్లకు కడుపు ఉబ్బిందని విని బండి వేసుకుని వెళ్లాను. ఆయన గద్దె మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"నువ్వెందుకు తిప్పలవడ్డవు సారు? సలోమి వచ్చి నూనె తాగిచ్చింది. ఇప్పుడు మంచిగనే ఉన్నది" అన్నాడు.

మేక పిల్ల నిజంగానే గెంతుతోంది. పని తప్పినందుకు సంతోషించాల్సిన మనిషిని, బండి మీద తిరిగి వస్తూ దారంతా పళ్లు నూరుకున్నాను. తర్వాత జిల్లా నుంచి పెద్ద అధికారి ఊరు చూడటానికి వచ్చారు. సలోమిని కోళ్ల గూడు ముందు నిలబెట్టి ఫొటో తీస్తుంటే, ఎవరో నన్ను "కొంచెం పక్కకు జరుగుండ్రి" అన్నారు. జరిగాను. మండల మీటింగులో మా డాక్టరు గారు కూడా ఆమెనే మెచ్చుకున్నారు. ఊళ్లో పిల్లలు ఆమెను 'కోళ్ల డాక్టరమ్మ' అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపు వినబడితే నాకు అన్నం సయించేది కాదు. ఆ రోజుల్లో మా ఇంటావిడ "ఎవరి మీద కోపం?" అని అడిగితే, ఎండ అని చెప్పాను.

ఎండాకాలం ముందు కోళ్లకు ఒక ముఖ్యమైన టీకా వేయాలి. కొక్కెర తెగులు వస్తే గూడుకు గూడు ఖాళీ అవుతుంది. దానికి ఆర్ టూ బీ అనే టీకా ఉంది. చిన్న సీసాలో పొడిలా ఉంటుంది. సెలైన్ నీళ్లు కలిపి సూది వేస్తాం. కలిపిన తర్వాత మంచు మీద ఉంచాలి, రెండు గంటల్లో వాడేయాలి. ఆ గడువు దాటితే అందులో పని చేసే గుణం చచ్చిపోతుంది. చూడటానికి మాత్రం మందు మందులాగే ఉంటుంది.

మార్చిలో సలోమి వచ్చింది. చేతిలో ఐస్ ముక్కలు వేసిన స్టీలు డబ్బా. నేను నాలుగు సీసాలు తీసి ఇచ్చాను.

"రేపు పొద్దుగాల మొదలు పెడుత సార్. అందరిని కోళ్లను గంపల కింద కమ్మి ఉంచమన్న. నాలుగు సీసలు ఒక్కపారే కలుపుకొని పోత. మల్ల మల్ల ఇంటికి తిరుగుడు తప్పుతది" అంది.

ఊరంతా తిరగడానికి ఎంత లేదన్నా ఐదు గంటలు పడుతుందని నాకు తెలుసు. ఒక సీసా అయిపోయాక ఇంకో సీసా కలుపుకోవాలని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. నేను ఫ్రిజ్ తలుపు వేస్తున్నాను. 

"ఇంకేమన్న జాగర్త ఉన్నదా సార్?" అని అడిగింది.

"ఏం లేదు. అన్నీ నీకు తెల్సినయే కదా" అన్నాను.

ఇది మరిచిపోయి జరిగింది కాదు. తెలిసి నోరు మూసుకున్నాను. కోళ్లు చావాలని కోరుకోలేదు. ఒక్కసారి ఆమె పని బెడిసికొడితే బాగుండునని, అప్పుడు మళ్లీ నన్ను పిలుస్తారని మాత్రం అనుకున్నాను. ఆ రెండింటికీ తేడా ఉందని ఆ రోజు నన్ను నేను నమ్మించుకున్నాను.

ఏప్రిల్ చివర ఒక ఇంట్లో పెళ్లికి అంగడి నుంచి కోళ్లు తెచ్చారు. వాటితో తెగులు ఊళ్లోకి వచ్చింది. పచ్చ రెట్టలు, మెడ వెనక్కి తిరిగిపోవడం, నోరు తెరిచి గురగురమనడం. రామగుండం వైపు ఎండలు ఎలా ఉంటాయో తెలిసిందే. ఆ ఎండలో ఆడవాళ్లు చచ్చిన కోళ్లను గంపల్లో మోసుకెళ్లి పూడ్చారు. చివరి మూడు వాడల్లో గూళ్లు ఖాళీ అయ్యాయి. వాటిలో సలోమి ఇల్లు కూడా ఉంది. ఊరందరికీ వేసి, చివర తన కోళ్లకు వేసుకుంది కదా.

అందరికన్నా ఎక్కువ కోళ్లు పోయింది పోసక్కకు. భర్త లేని మనిషి. ఆ గుడ్లతోనే ఇల్లు నెట్టుకొస్తోంది. "సలోమి మాట పట్టుకొని కోళ్లు పెట్టిన. ఇగ నాకీ సంఘం వద్దు. కైకిలి కూలికి పోత" అని సంఘంలో చెప్పేసింది. ఇంకో నలుగురు ఆమెతో కలిశారు. మగవాళ్లు వేరే జిల్లాలో లారీ పని ఉందేమో కనుక్కోవడం మొదలుపెట్టారు.

నన్ను మళ్లీ పిలిచారు. వెళ్లాను. "డాక్టర్ సారు వచ్చిండు" అని దారి ఇచ్చారు. నేను కోరుకున్నది అదే. ఒక కోడి నా చేతుల్లో మెడ తిప్పి తిప్పి చచ్చిపోయింది. దాన్ని కింద పెట్టడానికి కూడా నాకు చేతులు రాలేదు.

రెండు రోజులకు సలోమి ఉపకేంద్రానికి వచ్చింది. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. నోట్‌బుక్కు కాగితం మీద ఊరి వాడలు గీసుకొచ్చింది. బల్ల మీద పరిచి వేలు పెట్టి చూపించింది.

"ఇగో సార్, ఆరు గంటలకు ఈడ మొదలువెట్టిన. ఈ మూడు వాడల ఒక్క కోడి సావలే. ఈడికి వచ్చేసరికి ఎనిమిది దాటింది. ఈడికెల్లి అన్ని పోయినయ్. మందు ఒక్కటే, చెయ్యి ఒక్కటే. పొద్దు ఎక్కేసరికి మందు ఖరాబైందా?"

ఎవరూ చెప్పకుండానే ఆ మనిషి గడువును కనిపెట్టింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా నాకు మొదట కలిగింది అసూయే. నా ఉద్యోగంలో నేను ఒక్కసారైనా అలా కాగితం గీసి చూడలేదు.

"అయితది. కలిపినంక రెండు గంటలే" అన్నాను.

ఆమె ఆ చివరి మూడు వాడల మీద వేలు ఒకసారి తిప్పింది. తర్వాత, "మిమ్ముల ఇంక గట్టిగ అడగాల్సి ఉండె. తప్పు నాదే. ఐతారం ప్రార్థన అయినంక మీటింగున్నది. అండ్ల చెప్పి సంఘం పని ఇడిచిపెడుత" అంది. కాగితం మడిచి వెళ్లిపోయింది.

ఆమె అడిగింది. నేను లేదన్నాను. అది ఆమెకు గుర్తుంది, అయినా నా మీద వేయలేదు. తనే సరిగా అడగలేదనుకుంది. మీటింగు దాకా మూడు రోజులు నేను అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

ఆదివారం వెళ్లాను. చర్చి ముందు రేకుల షెడ్డులో ఆడవాళ్లు, వెనక కొందరు మగవాళ్లు కూర్చున్నారు. సలోమి మాట మొదలుపెట్టబోతుంటే లేచి నిలబడ్డాను.

"తప్పు ఆమెది కాదు. మందు రెండు గంటలే ఉంటదని నాకు ఎరుక. ఆమె అడిగింది. నేనే చెప్పలే" అన్నాను.

"మర్చిపోయినవా సారు?" అన్నాడు వెనక నుంచి ఓదెలు కాక. తప్పించుకోవడానికి దారి ఇచ్చాడు పాపం.

"మర్చిపోలే కాక. మీరందరు ఆమెను పిలుస్తున్నరని, కడుపుల మండి చెప్పలే."

ఎవరూ తిట్టలేదు. తిడితే తేలికయ్యేది. పోసక్క మాత్రం నా వైపు చూడకుండా, "మా గూడు ఖాళీ అయితే నీ కడుపు సల్లబడ్డదా సారు?" అంది. సలోమి తల వంచుకుని చేతిలోని కాగితాన్నే చూస్తోంది. నేను షెడ్డులోంచి బయటికి వచ్చేశాను. డాక్టరు గారికి కూడా నేనే చెప్పాను. ఆయన రాతపూర్వకంగా మందలించారు. న్యాయమే.

సంఘం ఆగలేదు. కోళ్లు బతికిన వాడలవాళ్లు ఖాళీ గూళ్లకు ఇంటికొక పొదుగు కోడిని, దాని కింద గుడ్లను ఇచ్చారు. మొదటి గంప పోసక్క ఇంటికి వెళ్లిందని విన్నాను. బయటి నుంచి ఒక్క కోడిపిల్లను కూడా తేలేదు. దసరా నాటికి వాకిళ్లలో మళ్లీ కోళ్లు తిరిగాయి. తర్వాత లారీ పని దగ్గరలోనే మళ్లీ మొదలైంది. కొందరు వెళ్లారు, కొందరు చెలకల దగ్గరే ఆగిపోయారు. వెళ్లినవాళ్లకు కూడా పని ఆగితే ఏం తినాలన్న భయం లేదు. ఆ ఊరికి వచ్చిన పెద్ద మార్పు అదే అనుకుంటాను.

సలోమి ఏడాది దాకా నాతో మాట్లాడలేదు. టీకాలు డాక్టరు గారి దగ్గరే తీసుకునేది. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లకు నేర్పుతుంది. నేను సీసాలు అందిస్తాను. అవసరమైనంత వరకే మాట్లాడుతుంది, మర్యాదగానే మాట్లాడుతుంది. అంతకన్నా అడిగే హక్కు నాకు లేదు.

ఈ అనుభవంతో అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. మొన్న కూడా కొత్తగా వచ్చిన ఒక కుర్ర సహాయకురాలు కష్టమైన ఈతలో దూడను అవలీలగా బయటికి తీసింది. నాకు లోపల చురుక్కుమంది. దాన్ని ఆపడం నాకు చేతకాలేదు. నేర్చుకున్నది ఒక్కటే. ఎవరిని చూస్తే కడుపు మండుతుందో, నాకు తెలిసింది ముందు వాళ్లకే చెబుతాను. అడగకపోయినా చెబుతాను. విన్నారో లేదోనని ఇంకోసారి చెబుతాను.