గిన్నె మీద అడ్డంగా చెంచా

దేవుడే వచ్చి ఒక పిల్లాణ్ణి పెంచుకుంటానని అడిగినా మా అమ్మమ్మ థోరా లింక్‌లేటర్ వెంటనే ఒప్పుకునేది కాదు. ముందు ఆయన వంటగది చూసేది. ఆనక కుర్చీ లాక్కుని, "కోపమొస్తే ఊళ్లకు ఊళ్లు ముంచేస్తారటగా, దానికేం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగి, "వచ్చే ఏడు కనబడండి" అని పంపేసేది. నేను బడి సగంలో మానేసినదాన్నే గాని, ఈ ఒక్క విషయంలో నాకు అనుమానం లేదు.

కన్నవాళ్ల దగ్గర ఉండలేని పిల్లలకు, స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న మా ఆర్క్నీ దీవుల్లో అమ్మానాన్నల్ని వెతకడం ఆవిడ ఉద్యోగం. వెతకాలి, తూకం వెయ్యాలి, పిల్లాడు వచ్చాక పక్కన నిలబడాలి. ఊరందరినీ తూచి తూచి మనవరాలినైన నన్ను కూడా అదే చూపుతో చూస్తుంది. అయితే మా ఇంట్లో చెంచాని ఎవరికీ కుడిపక్క పెట్టదు, ఎడంపక్కా పెట్టదు. గిన్నె మీద అడ్డంగా పెడుతుంది. ఎందుకని నేను ప్రాణం తీస్తే చెప్పిన సంగతి ఇది.

ఆగస్టులో పశువుల పోటీలు జరిగేచోట, ఎద్దులకీ కేకులకీ మధ్య అమ్మమ్మ ఒక బల్ల వేసుకుని కూర్చునేది. జనం దాని మీది చాక్లెట్లు తీసుకుని, "ఎద్దుకి బహుమతొచ్చింది, నీకు రాలేదా థోరా?" అని నవ్వుకుంటూ పోయేవాళ్లు. వచ్చినవాళ్లందరినీ ఆవిడ ఒకటే ప్రశ్న అడిగేది: "మీ ఇంట్లో ఒక మంచం ఖాళీగా ఉందా?"

పక్క దీవి నుంచి వచ్చిన ఇంగా ఫ్లెట్ ఆ ప్రశ్నకి తీసిన చాక్లెట్‌ని మళ్లీ బల్ల మీద పెట్టేసింది. "ఉంది" అంది.

ఆ మంచం ఆమె కూతురు మెరన్‌ది. అంతకు రెండు శీతాకాలాల ముందు ఆ పిల్ల జ్వరంతో పోయింది. అమ్మమ్మకి అప్పుడు తెలియదు. ఆ ప్రశ్న ఇప్పటికీ గొంతులో చేపముల్లులా ఉందంటుంది.

ఇంగా, ఆమె భర్త ఎర్లెండ్ దరఖాస్తు పెట్టుకున్నారు. అమ్మమ్మ పడవెక్కి పలుమార్లు వాళ్లింటికి వెళ్లింది. మంచి మనుషులు. గది కొత్తగా ఉంది, రంగు కొత్తది, దుప్పటి కొత్తది. ఆఖరిసారి వెళ్లినప్పుడు అమ్మమ్మ అందరి చేతా చేయించే పని ఒకటుంది: పిల్లాడు వచ్చేసినట్టే అనుకుని బల్ల మీద భోజనం సర్దమంటుంది.

అది శీతాకాలం, మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడింది. ఇంగా మూడు గిన్నెలు పెట్టింది, సూప్ పోసింది. రెండు చెంచాలు గిన్నెలకి కుడిపక్కన ఉన్నాయి. మూడోది ఎడంపక్కన ఉంది. మూడో కుర్చీ బల్ల నుంచి కొంచెం వెనక్కి జరిపి ఉంది, ఓ చిన్నమనిషి దూరి కూర్చునేంత. బయట గాలి ఆగిపోయింది. మా దీవుల్లో గాలి ఆగితేనే భయం.

"మెరన్‌ది ఎడమచేతి వాటమా?" అని అడిగింది అమ్మమ్మ.

ఇంగా బల్లవైపు చూసింది. తను ఏం చేసిందో అప్పుడు కనబడి, ఉన్నచోటే నేల మీద కూలబడింది.

ఎర్లెండ్‌కి కోపమొచ్చింది. "ఎద్దుల మధ్యలోంచి నా పెళ్లాన్ని పిలిచింది నువ్వే. ఇప్పుడు పొమ్మంటున్నదీ నువ్వే."

"పొమ్మనలేదయ్యా. ఆ కుర్చీలో ఒకరు కూర్చునే ఉన్నారు. వచ్చేవాణ్ణి ఎక్కడ కూర్చోబెడతావు?"

ఏడాది ఆగమంది. ఆగమని ఊరుకోలేదు, పడవ నడిచినప్పుడల్లా వెళ్లింది. మెరన్ పేరు ఆ ఇంట్లో మళ్లీ పైకి వినబడింది. సొరుగులో దాచిన ఫొటో గోడకెక్కింది. ఎడంచేత్తో చెంచా పట్టుకుని, గడ్డం నిండా సూప్ పూసుకుని నవ్వుతున్న ఫొటో.

మరుసటి శీతాకాలం ఇంగా మళ్లీ బల్ల సర్దింది. మూడో గిన్నె మీద చెంచాని అడ్డంగా పెట్టింది. "వచ్చేవాడు ఏ చేత్తో తింటాడో నాకేం తెలుసు, థోరక్కా."

పిల్లల్ని ఎవరికివ్వాలో తేల్చే కమిటీ ముందు అమ్మమ్మ సరేనంది. ఐదేళ్ల ఫిన్లే వచ్చాడు. అంతకుముందు వాణ్ణి చూసుకున్న ఇంట్లో వాడు శుభ్రంగా కుడిచేత్తో తినడం అమ్మమ్మ కళ్లారా చూసింది.

వారం తిరగకుండా ఇంగా ఫోన్ చేసింది. "థోరక్కా, వాడు ఎడంచేత్తో తింటున్నాడు."

"తింటే?"

"ఆ కుర్చీలో. అచ్చం దానిలాగే. నాకు భయమేస్తోంది, వాడి మొహం చూడలేకపోతున్నా. నువ్వొచ్చి తీసుకెళ్లిపో."

అమ్మమ్మ ఎక్కిన పడవ అలల మీద ఎగిరెగిరి పడింది. చర్చికి క్రిస్మస్‌కి తప్ప వెళ్లని మనిషి ఆ రోజు ప్రార్థన చేసిందట. తను ఒక పసివాణ్ణి తీసుకెళ్లి చచ్చిపోయిన పిల్ల చేతుల్లో పెట్టిందా అన్నదే ఆవిడ భయం.

బల్ల దగ్గర వాడికి ఎదురుగా కూర్చుంది. వాడి ఎడంచేతిలో చెంచా వంకర్లు పోతోంది, సగం సూప్ చొక్కా మీదే పోతోంది. ప్రతి చెంచాకీ వాడి కళ్లు పైకి లేచి అమ్మమ్మ భుజం వెనక దేన్నో చూస్తున్నాయి. అమ్మమ్మ తిరిగి చూసింది. గోడ మీది ఫొటో.

"ఎవర్ని చూస్తున్నావురా?"

"ఆ అక్కని. అక్క ఇలాగే తింటుంది." గొంతు తగ్గించాడు. "అక్కని పంపించెయ్యలేదుగా."

ఎర్లెండ్ కిటికీవైపు తిరిగాడు. ఇంగా లేచి వచ్చి వాడి ఎడంచేతిలోంచి చెంచా తీసింది. కుడిచేతిలో పెట్టి వేళ్లు మూసి, ఆ పిడికిలిని తన చేతుల్లో పట్టుకుంది. "నీ చేత్తో నువ్వు తినరా. నిన్నూ పంపం."

ఫొటో తియ్యలేదు. ఫిన్లే అక్కడే పెరిగాడు. ఇప్పుడు అమ్మమ్మ ఎక్కే ఆ పడవ మీదే పనిచేస్తూ కుడిచేత్తో తాళ్లు విసురుతాడు. బాగా అలిసిపోయిన రోజున మాత్రం చెంచా తనంతట తనే ఎడంచేతిలోకి వెళ్లిపోతుందని ఇంగా చెబుతుంది.

ఇదంతా రాసి, అమ్మమ్మ కుర్చీలోనే కూర్చుని ఆవిడకి చదివి వినిపించాను. "నిజం చెప్పు అమ్మమ్మా, ఆ పిల్ల ఇంకా ఆ ఇంట్లో ఉందంటావా?"

"ఉంది. ఉండొద్దని నేనెప్పుడన్నానే? పిల్లాడి కుర్చీలోంచి లెమ్మన్నానంతే. నువ్వూ నా కుర్చీలోంచి లే."