దంచిన ముక్క ఆమెది, పోత ముక్క నాది

దిమ్మ ఒక్కటే. ఇనుములో అల్యూమినియం కలిపి పోత పోసింది. మా పరిశోధన గైడ్ గారు దాన్ని రెండుగా కోయించి, ఒక ముక్కని ఎర్రగా కాల్చి సమ్మెట కింద దంచడానికి పంపారు. దంచిన ముక్క నా రూమ్మేట్‌కి ఇచ్చారు, దంచనిది నాకు. రెండూ పరీక్షించి ఒకే పేపర్ రాయాలి. అందులో మొదటి పేరు ఎవరిదో ఫలితాలు చూశాక చెప్తానన్నారు. ఆ మొదటి పేరు నాకు కావాలి. నిద్రలో కూడా అదే ధ్యాస.

ఆమెది వరంగల్ వైపు, నాది గుంటూరు. అమీర్‌పేట హాస్టల్లో ఒకే గది, పంజాగుట్ట ల్యాబ్‌కి ఒకే మెట్రో. పరీక్షకని నా ముక్క నుంచి కోసిన కడ్డీలు సగం, లేత్ మీద చెక్కుతుండగానే పుటుక్కున విరిగాయి. ఆమెవి లాగుడు పరీక్షలో నావాటికన్నా చాలా ఎక్కువ బరువు మోశాయి. గైడ్ గారు ఆ గ్రాఫ్‌ని సరిగ్గా నా కుర్చీ ఎదురు గోడకి అంటించారు. గోరుచుట్టు మీద రోకటిపోటు! హాస్టల్లో జావా నేర్చుకునే పిల్లలు సైతం 'మీవి విరిగిపోయాయట కదక్కా' అని పరామర్శించేవారు.

ఇక మిగిలింది క్రీప్ పరీక్ష. కొలిమి వేడిలో కడ్డీకి బరువు కట్టి వదిలేస్తే, అది రోజుల తరబడి కొద్దికొద్దిగా సాగుతుంది. ఎంత తక్కువ సాగితే అంత మేలు. పక్కపక్క కొలుముల్లో ఇద్దరివీ వేలాడదీశాం. ఆ ఆదివారం ఆమెకి జ్వరం, చూడ్డానికి నేనొక్కదాన్నే వెళ్లాను. ఆమె కడ్డీ జీళ్లపాకంలా సాగిపోతోంది. నాది దాదాపు కదల్లేదు. స్క్రీన్ మీది రెండు గీతల గ్రాఫ్‌ని ఫొటో తీసుకుని, తిరుగుదారిలో మిర్చి బజ్జీలు కట్టించుకున్నాను. జ్వరమొచ్చిన మనిషి తినకూడదని తెలిసే కట్టించాను.

గదిలోకి వెళ్లి, మొహం వీలైనంత జాలిగా పెట్టి ఫొటో చూపించాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె దుప్పటి తోసేసి లేచి కూర్చుంది.

"మస్తుగుంది కదనే. దంచితే లోపలి గ్రెయిన్లు, గా లోహం పలుకులు, చిన్నగయినయి, గందుకే చల్లగున్నప్పుడు నాది గట్టిగుంది. వేడిల గా చిన్న గ్రెయిన్ల అంచులే జారుతున్నయి. నీయి పెద్దగున్నయి, గందుకే నిలబడ్డది. పేపర్ల చెప్పాల్సింది గిదే."

నాకు నా గీత కింద, ఆమె గీత పైన ఉండటమే కనిపించింది. ఎందుకుందో నన్ను నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె జ్వరంతోనే గైడ్ గారికి ఫోన్ చేసి, నా కడ్డీ ఎంత బాగా నిలబడిందో గొప్పగా చెప్పింది. నేను బజ్జీలు ఒక్కదాన్నే తిన్నాను.

మొదటి పేరు ఆమెదే అయింది. గైడ్ గారి కుర్చీలో నేనున్నా అలాగే పెట్టేదాన్ని. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.