మా మగ్గం కుడి గుంజ

పొద్దున్నే మా కొడుకు షెడ్డు తలుపు తీయగానే ఇనుము, మిషన్ నూనె కలిసిన వాసన గుప్పుమంటుంది. ముసలిదాన్నయినా నా ముక్కు మాత్రం ఇంకా అక్కడ పుల్లబడ్డ గంజి వాసన కోసమే వెతుకుతుంది. మా నేతగాళ్ల దాజీ పేట్‌లో ఈ షెడ్డున్న చోటే మా పాత ఇల్లుండేది, ఆ ఇంట్లో సగం మగ్గం, మిగిలిన సగంలో మేము.

శ్రావణమాసం వచ్చిందంటే గంజి పెట్టిన నూలు ఆరక బాపు మబ్బును తిట్టేవాడు, అవ్వ (మా ఇండ్లలో నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం) కండెలు చుట్టే రాట్నం ముందునుంచి లేచి పొయ్యి మీది జొన్నరొట్టె తిప్పి మళ్లీ వచ్చి కూచునేది, మా అన్న మల్లేశం తడిసిన వీధిలో చిర్రగోనె (బిళ్లంగోడు) ఆడి ఎవరిదో ఒకరి కుండ పగలగొట్టి వచ్చేవాడు. మిల్లు భోంగా (సైరన్) మోగితే పేటంతా లేచేది, మా ఇల్లు మాత్రం అంతకు ముందే లేచేది. మగ్గం కుడివైపు గుంజకు అవ్వ పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఇద్దరూ దండం పెట్టుకున్నాకే బాపు మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టేవాడు.

అన్నకు పదహారు నిండే ఏడు దగ్గు పట్టుకుంది. చిర్రగోనె మూల పడింది. డాక్టరు వచ్చి హవా మార్చమన్నాడు; నూలు దుమ్ము తప్ప ఇంకో హవా తెలియని మేము ఎక్కడికని మారుస్తాం? అవ్వను దగ్గు కంటే ఆ పదహారే ఎక్కువ భయపెట్టింది. మా కులానికి మూలపురుషుడు మార్కండేయుడు. ఆయనకు రాసిన ఆయుష్షు పదహారేళ్లే, శివలింగాన్ని కౌగిలించుకుని యముణ్ణి గెలిచాడు. ఆ కథను అవ్వ కథలా వినలేదు, మందు చీటీలా విన్నది.

"ఊపిరి ఆడకపోతే గుంజను గట్టిగ పట్టుకో బిడ్డా, ఇడ్వకు. శివా అను. మనది మార్కండేయుని వంశం" అనేది. అన్న అట్లాగే పట్టుకునేవాడు. అవతలి పక్కనుంచి నేను కూడా పట్టుకునేదాన్ని, ఇద్దరు పట్టుకుంటే యముడికి లాగడం కష్టమవుతుందని.

జంధ్యాల పున్నమినాడు మార్కండేయుడి రథం మా గల్లీ చివరినుంచి పోయింది. లేజీం గజ్జెల చప్పుడు, తడిసిన బంతిపూల వాసన, ఇంటింటా పోలెల (బొబ్బట్ల) కోసం మరిగే బెల్లం. కొత్త జంధ్యం వేసుకుని, గుంజకు ఆనుకుని కూచున్న అన్న సగం పోలె తిన్నాడు. అవ్వ ముఖం వెలిగిపోయింది. "గండం గడిచింది" అని గల్లీలో అందరికీ చెప్పి వచ్చింది. నేనూ నమ్మాను.

దీపాలు పెట్టే వేళకు అన్న పోయాడు. చేతులు గుంజను విడవలేదు. చిక్కుపడ్డ పోగు విప్పినట్టు బాపు ఒక్కొక్క వేలే విడదీశాడు. కథలో యముడి పాశం లింగానికీ తగిలింది గనక శివుడికి కోపం వచ్చింది. మా గుంజకు ఏమీ తగల్లేదు కాబోలు.

ఆ తర్వాత బాపు దండం పెట్టడం మానేశాడు. నాకైతే ఆ గుంజను చూస్తే ఒళ్లు మండేది. అవ్వ మాత్రం తెల్లారకముందే లేచి, పసుపు కుంకాలు కూడా లేకుండా, గుంజను రెండు చేతులా చుట్టి, నుదురు ఆనించి నిలబడేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను: "ఇంకేం అడుగుతున్నవే అవ్వా ఆ దేవుణ్ణి? ఇచ్చిండా ఏమన్న?"

"అడిగెటందుకు ఏం మిగిలింది బిడ్డా" అంది, చేతులు తీయకుండానే. "ఇయ్యకుంటే ఇయ్యకపాయె. పట్టుకునెటందుకు ఏదన్న ఉండాలె గద."

ఆమె కన్ను మూసేదాకా అట్లాగే పట్టుకుంది. దేవుడు ఆమెకు ఏమీ ఇవ్వలేదు.

ఇప్పుడు గుంతలు పూడ్చారు, గంజి పోయింది, గుంజ ఏనాడో నీళ్లపొయ్యిలోకి పోయింది. ఈ చలికాలంలో మా ఆయన పోయారు. అప్పటినుంచి నాకూ తెల్లారకముందే మెలకువ వస్తోంది. నిన్న షెడ్డులోకి వెళ్లి, ఒకప్పుడు కుడి గుంజ ఉన్న చోట నిలబడ్డాను. ఇప్పుడక్కడ ఇనప మగ్గం టకటకలాడుతోంది. నాకు తెలియకుండానే చేతులు చాచాను కాబోలు, మా కొడుకు ఉరికి వచ్చాడు.

"అవ్వా, జరుగు జరుగు! దాన్ని పట్టుకుంటే చెయ్యి పోతది!"