కోచ్ డోర్నన్ చెప్పిన మాట
మేరీలాండ్‌లోని ఆ చిన్న కాలేజీలో అమ్మాయిల లక్రాస్ జట్టుకు మార్నీ డోర్నన్ ఇరవై రెండేళ్లుగా హెడ్ కోచ్. రోజూ ప్రాక్టీసుకు ముందు ప్రతి పిల్ల కర్రా అందుకుని, దాని చివరనున్న వల బిగువును బొటనవేలితో నొక్కి చూస్తుంది. ఒకప్పుడు ఆమె దగ్గర ఆడిన టెస్ పెద్ద యూనివర్సిటీకి కోచ్ అయి, నిరుడు జాతీయ కప్పు గెలిచింది. ఆ గెలుపు ఫోటో పడిన పత్రికతో మార్నీ తన బూట్ల బురద తుడుచుకుంది.

మొన్న టెస్ ఫోన్ చేసింది. "కోచ్, మీ జట్టులో ఆడే బ్రిన్ మా దగ్గరికి వస్తానంటోంది. పిల్ల ఎలాంటిది?"

బయట వానలో బ్రిన్ ఒక్కతే గోడకేసి బంతి కొడుతూనే ఉంది. మార్నీ కిటికీకి వీపు తిప్పింది.

"ఒట్టి బద్ధకస్తురాలు. చెప్పిన మాట వినదు."

టెస్ నవ్వింది. "నాకు ఈ ఉద్యోగం ఇచ్చేముందు మా యూనివర్సిటీ వాళ్లు మిమ్మల్ని అడిగితే, నా గురించీ ఇదే చెప్పారట కోచ్. అయితే బ్రిన్‌ని తీసేసుకుంటాను."