గుండయ్య గారిని అడగండి

అఫ్జల్‌గంజ్‌లో మా టార్పాలిన్ల దుకాణాన్ని ఆనుకుని ఒక సర్కారు గోదాం ఉంది. దాని గేటు దగ్గర ఇనుప కుర్చీ వేసుకుని పదిహేనేళ్లుగా కాపలా కాస్తున్న మనిషి గుండయ్య. ఈ పదిహేనేళ్లలో ఆయన్ని పేరు పెట్టి పిలిచింది నేనొక్కణ్నే. అదీ ప్రేమతో కాదు, ఎక్కువసార్లు తిట్టడానికి. లారీల వాళ్లకు ఆయన వాచ్‌మన్. హమాలీలకు బుడ్డా, అంటే ముసలోడు. మరీ ముద్దొస్తే ఉల్లూ. ఉల్లూ అంటే గుడ్లగూబ, బుద్ధిలేనివాణ్ని కూడా అదే మాటతో తిడతారు. రెండూ సరిగ్గా కుదిరాయని అందరూ నవ్వేవాళ్లు. దాచడమెందుకు, నేనూ నవ్వాను.

ఆ పేరు రావడానికి గోదాం ఆవరణలోని నిద్రగన్నేరు చెట్టు కారణం. దాని ఎండుకొమ్మలో ఒక తొర్ర, ఆ తొర్రలో చిన్నరకం గుడ్లగూబల జంట కాపురం. గుప్పెడంత పిట్టలు, ఇంతింత పచ్చటి కళ్లు. మన జనానికి గూబ కనబడితే చాలు, తూ తూ అని ఉమ్మేసి పక్కకు తప్పుకుంటారు. గుండయ్య మాత్రం కాకులు వాటిమీద మూగితే కర్ర పట్టుకుని లేచేవాడు. గాలికి పిల్ల కిందపడితే తువ్వాల్లో చుట్టుకుని, గోడెక్కి, తొర్రలో పెట్టి వచ్చేవాడు.

"గోదాంల బస్తాలు పోయినా నీకు ఫికర్ లేదు గని, గూబలు పోతే పానం పోతది గదా" అని ఎగతాళి చేసేవాణ్ని.

"బస్తాలు నా మొకం చూస్తయా సేటూ? ఇవి చూస్తయ్" అనేవాడు.

జల్‌పల్లిలో అరవై గజాల జాగాలో రేకుల ఇల్లు ఆయనది. పొద్దున రెండు బస్సులు మారి రావాలి, సాయంత్రం మళ్లీ రెండు మారి పోవాలి. "గూబ కింద కూసున్నోని బతుకు గిట్ల గాక ఎట్లుంటది" అని భార్య చంద్రమ్మ రోజూ సణుగుతుందని ఆయనే చెప్పి నవ్వేవాడు.

పోయినేడు మార్చిలో ఒక సాయంత్రం వడగళ్ల వాన కురిసింది. భుజాన సంచీ, మెడలో బైనాక్యులర్స్ వేసుకున్న ఒకావిడ పరుగున వచ్చి మా దుకాణం రేకుల కింద నిలబడింది. యాభై ఏళ్లుంటాయి. పేరు గీతాంజలి, శ్రీకాకుళం వైపు పోస్టాఫీసులో ఉద్యోగమట. నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరు చూడడానికొచ్చి, మా వెనక వీధి లాడ్జిలో దిగిందట.

"ఒక్కదానివే వచ్చినవా అమ్మా?" అన్నాను.

"ఒక్కదాన్నే అండి. ఎవరైనా తోడొస్తే, వాళ్లు చూడాలన్నవే చూడాలి కదా" అంది.

ఆ జవాబు నాకు నచ్చింది. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ విమలాదేవికి నాకంటే ఎక్కువ నచ్చింది.

వాన వెలిశాక చెట్టుమీంచి కీచుమని అరుపు వినబడింది. ఆవిడ చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దని సైగ చేసి, "గూబ! గూబ కదండీ అది?" అంది, మొహమంతా నవ్వు చేసుకుని. గేటు దగ్గర గుండయ్య కుర్చీలోంచి లేచిన తీరు ఇప్పటికీ నా కళ్లలో ఉంది. గూబ పేరెత్తి సంతోషపడే ఇంకో మనిషి ఆయనకు అంతవరకూ తగల్లేదు.

ఆ మూడు రోజులూ ఆవిడ ఊరేం చూసిందో దేవుడికే తెలియాలి. సాలార్‌జంగ్ మ్యూజియం చూడమ్మా అని నేను పోరి పంపిస్తే అరగంటలో తిరిగొచ్చేసింది. గోదాం గేటు పక్కన స్టూలు వేసుకుని గుండయ్యతో ముచ్చట్లే ముచ్చట్లు. మగదేదో ఆడదేదో ఆయన చెప్పేవాడు, ఆవిడ పుస్తకంలో రాసుకునేది. సాయంత్రం మూసీ మీదుగా గబ్బిలాలు బారులు కట్టి పోతుంటే, మురుగు కంపుకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మరీ వంతెన మీద నిలబడి లెక్కపెట్టింది. రెండో రోజు చంద్రమ్మ జొన్నరొట్టెలు, పుంటికూర పంపించింది. "ఇది మా గోంగూరే కదండీ" అని ఆవిడ, "కాదమ్మా, పుంటికూర" అని ఈయన, ఇద్దరూ కాసేపు లొల్లి పెట్టుకున్నారు. వాళ్ల వైపు ఒక ఊళ్లో, ఏటేటా వచ్చే కొంగల్ని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారని ఆవిడ చెప్పింది. గుండయ్య తింటున్న రొట్టె ఆపి, "గట్లనుండాలె మనుషులంటే" అన్నాడు.

నాలుగో రోజు పొద్దున బస్సుకు పోతూ ఆవిడ వచ్చింది. "వస్తానండి గుండయ్య గారూ" అని రెండు చేతులూ జోడించింది. గారు అనేసరికి ఆయన, ఇంకెవరన్నా ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాడు.

పది రోజుల తర్వాత నా ఫోన్‌కు ఆవిడ మెసేజ్ వచ్చింది. ఫోన్‌లో దారి చూసుకునే మ్యాప్ ఉంటుంది కదా, అందులో మా గోదాం గుర్తు పెట్టి, ఫోటోలు పెట్టి, నాలుగు మాటలు రాసిందట. గుండయ్యకు చదువు రాదు. పిలిచి నేనే చదివి వినిపించాను. "పక్షులంటే ఇష్టమున్నవాళ్లు అఫ్జల్‌గంజ్ వస్తే, గోదాం గేటు దగ్గర గుండయ్య గారిని అడగండి. ప్రేమగా చూపిస్తారు. సాయంత్రం అయిదింటికల్లా జంట తొర్ర బయట కూర్చుంటుంది. ఈ నగరంలో నాకు దొరికిన చుట్టం ఆయన."

"గారు అని రాసిందా సేటూ? అసలుకే రాసిందా?"

"రాసిందయ్యా. ఇగో, ఇక్కడ."

నాలుగుసార్లు చదివించుకున్నాడు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసుకున్నాడు.

ఇక జనం రావడం మొదలైంది. కాలేజీ పిల్లలు, మూరెడు కెమెరాలవాళ్లు, చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లులు. అందరి నోటా ఒకటే మాట, గుండయ్య గారంటే ఎవరు? ఆయన కొత్త చొక్కా కొనుక్కున్నాడు, రోజూ ఇస్త్రీ చేయించాడు. హమాలీలు ఉల్లూ అనడం మానేశారు. చంద్రమ్మ కూడా ఒకరోజు జల్‌పల్లి నుంచి వచ్చి, దూరం నుంచే చూసి, "గంత చెడ్డగేం లేవు" అని వెళ్లిపోయింది. నాక్కూడా అదొక గొప్పైపోయింది. ఎవరొచ్చి అడిగినా, "అదిగో, ఆయనే" అని వేలు చూపించడం నా పని.

దీపావళి ఇంకో పది రోజులుందనగా ఇద్దరు మగవాళ్లు బండి మీద వచ్చారు. శుభ్రమైన బట్టలు, ఒకడి మెడలో కెమెరా. "గుండయ్య గారంటే ఎవరు సేట్?" అని నన్నడిగారు. నేనే చూపించాను. ఈ వేలే.

గుండయ్య వాళ్లకు అరగంట కథంతా చెప్పాడు. ఏ తొర్రో, ఎన్నింటికి వస్తాయో, ఆ యేడు పిల్ల ఎంత ఎదిగిందో, అన్నీ.

"దగ్గరికి పోతే ఎగిరిపోతయా?" అని ఒకడడిగాడు.

"ఎందుకు పోతయ్? మనుషులకు మస్తు అలవాటైనయ్. చెయ్యి చాపినా కదలవు" అన్నాడు, గర్వంగా.

ఆదివారం గోదాం ఉంటుందా అని అడిగారు. ఆదివారం ఎవరుండరన్నాడు. నేను వాళ్లకు చాయ్ తెప్పించాను. పోతూ పోతూ కెమెరావాడు గుండయ్య చేతులు పట్టుకుని, "మీ అసుంటోళ్లు ఉండాలె అన్నా" అన్నాడు.

సోమవారం పొద్దున షట్టరు తీస్తుంటే, గోదాం లోపల్నుంచి గుండయ్య నన్ను పిలిచాడు. ఆ గొంతు ఆయనది కాదనిపించింది. చెట్టు కింద ఈకలు. తొర్ర మూతి కత్తితో చెక్కేసి ఉంది. కొమ్మలకు జిగురు పూసిన పుల్లలు కట్టి ఉన్నాయి. పిల్ల ఆ జిగురుకు అంటుకుని, కొట్టుకుని కొట్టుకుని చచ్చిపోయి వేలాడుతోంది. జంట లేదు.

"ఎందుకు పట్టుకపోయిన్రు సేటూ? కూరకు గూడ రావు గదా?"

చెప్పక తప్పలేదు. దీపావళికి గూబను బలి ఇస్తే లక్ష్మి ఇంటికొస్తుందని నమ్మే దరిద్రులున్నారు, వాళ్లకు అమ్ముకునే దొంగలున్నారు అని చెప్పాను. వాళ్ల చేతులు పడిపోనూ అని నేను నోటికొచ్చినట్టు తిట్టాను. గుండయ్య తిట్టలేదు. పిల్లను జిగురు నుంచి విడదీస్తూ కూర్చున్నాడు. ఒక రెక్క చేతికి రాలేదు.

నాలుగు రోజులు సెలవు పెట్టి, పిట్టలమ్మే సందులన్నీ తిరిగాడు. చిలుకల పంజరాల వెనకా, పావురాల గంపల కిందా తొంగిచూశాడు. ఫిర్యాదు చేద్దామని అటవీశాఖ ఆఫీసుకు నేనే తీసుకెళ్లాను. అక్కడి ఆఫీసరు మంచివాడే, కూర్చోబెట్టి రాసుకున్నాడు. "వాళ్లకు ఆ తొర్ర చూపించిందెవరు?" అని మామూలుగానే అడిగాడు.

"నేనే సార్" అన్నాడు గుండయ్య. మిగతా అంతా నేనే చెప్పి సంతకం పెట్టాను. దీపావళి వచ్చింది, పోయింది. గూబలు దొరకలేదు, దొంగలూ దొరకలేదు.

జనం మాత్రం ఆగలేదు. గుండయ్య గారున్నారా అని గేటు దగ్గర ఎవరో ఒకరు. "ఆయన లేడు, రిటైరైండు" అనేవాడు గుండయ్య, వాళ్ల మొహం చూడకుండా. ఆ చొక్కా మళ్లీ వేసుకోలేదు.

ఒకరోజు, "ఆ రాత తీసెయ్యమని అమ్మకు చెప్పు సేటూ" అన్నాడు. ఫోన్ చేశాను. ఎత్తగానే ఆవిడ, "రామలింగం గారూ! మా ఆఫీసులో అందరికీ చెప్పానండి, హైదరాబాదులో నాకు చుట్టాలున్నారని. మా గూబలెలా ఉన్నాయి?" అంది. బాగున్నాయమ్మా అని పెట్టేశాను. ఒట్టి పిరికివాణ్ని. ఆవిడ తీసేసినా ఏం లాభం, ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎంతమంది ఫోటోలు పెట్టారో లెక్కేలేదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదే గుండయ్యకూ చెప్పాను.

"చెప్పకుంటేనే మంచిగైంది తియ్. ఆమె ఏం పాపం చేసింది" అన్నాడు.

జనవరి ఆఖర్లో ఒక సాయంత్రం దుకాణంలోంచి అలవాటు కొద్దీ చెట్టువైపు చూశాను. తొర్ర పక్కన రెండు గూబలు! కొత్త జంట. నా అంత వాణ్ని నేను పిల్లాడిలా గెంతాను. "గుండయ్యా! వచ్చినయ్, వచ్చినయ్ చూడు!" అని అరిచాను.

ఆయన వచ్చాడు. తలెత్తి చాలాసేపు చూశాడు. ఒక గూబ తొర్రలోకి తొంగిచూసి, బయటికొచ్చి, ఆయన వంక చూస్తూ తల పైకీ కిందికీ ఊపింది. గుండయ్య వంగి కంకర రాయి తీసి దానిమీదికి విసిరాడు.

"ఏంది నీకు పిచ్చా!" అని నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. ఇంకో రాయి. ఇంకోటి. "పోండ్రి! థూ, మీ బతుకు పాడుగాను! గీ ఊరంతల మీకు నేనే దొరికిన్నా? పోండ్రి!" కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, రాళ్లు విసురుతూనే ఉన్నాడు. నాలుగో రాయి కొమ్మకు తగిలింది. గూబలు లేచి మూసీ అవతలికి వెళ్లిపోయాయి.

"మళ్ల వస్తయ్ సేటూ. తొర్ర ఉంటే వస్తయ్" అన్నాడు ఆయాసపడుతూ.

మర్నాడు అరబస్తా సిమెంటు తెప్పించాను. నేను నిచ్చెన పట్టుకున్నాను. ఆయన పైకెక్కి తొర్రలో గోనెపట్టా కుక్కి, దానిమీద తాపీతో సిమెంటు పూసి, అంచులు అరచేత్తో నున్నగా దిద్దాడు. దిగి నల్లా దగ్గర చేతులు కడుక్కున్నాడు. మరునాడు పొద్దున మళ్లీ నిచ్చెన వేశాడు, ఈసారి నన్నెక్కమన్నాడు.

"గట్టిగైందా చూడు సేటూ. గోళ్లతోని గీకినా రావద్దు."

ఎక్కాను. గోళ్లతో గీకి చూశాను. గట్టిగానే ఉంది.